ఇంటికి తగిన కాఫీ ఫిల్టరు

భైంసా బజారులో తెల్లవారుజామున అందరికంటె ముందు మేల్కొనేది చాయ్ పొయ్యి. పత్తి బండ్లు జిన్నింగు మిల్లుల వైపు కదలకముందే, బాసర పోయే బస్సు అడ్డా విడవకముందే, దంచిన అల్లం వాసన వీధిలోకి వచ్చి నిలబడుతుంది. అట్టి ఊరిని ఉద్దేశించి కాఫీ ఫిల్టరును గూర్చి ప్రసంగించడం కొందరికి వింతగా తోచవచ్చును. కాని ఆ ఊరి శ్రోతలే కొందరు ఈ ప్రశ్న అడిగారు. ఇంట్లో నిత్యం వాడుకొనడానికి నమ్మదగిన ఫిల్టరు ఏది? కరెంటుతో నడిచే యంత్రం కొనవలెనా, స్టీలు ఫిల్టరు చాలునా, అటక మీది ఇత్తడి ఫిల్టరును మళ్ళీ కిందికి దింపవలెనా? ప్రశ్న చిన్నదే. అయితే తెల్లవారిన మొదటి గంట ఏ విధంగా గడుస్తుందన్నది దానిమీద ఆధారపడిన ఇండ్లు ఉన్నవి కాబట్టి, కొంత వివరంగానే మాట్లాడుకొందాము.

ఈ ప్రాంతానికి చాయ్ అలవాటు ఊరక రాలేదు. 1956 నవంబరు 1వ తేదీకి ముందు భైంసా హైదరాబాదు రాష్ట్రపు నాందేడు జిల్లాలో, ముధోల్ తాలూకాలో ఉండేది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం ఆ తాలూకాలోని ముధోల్, భైంసా, కుభీరు సర్కిళ్ళను నాటి ఆంధ్రప్రదేశ్‌లో చేర్చినది. అటుపిమ్మట ఆదిలాబాదు జిల్లాలో ఉండి, 2016 అక్టోబరు 11 నుండి నిర్మల్ జిల్లాలోనికి వచ్చినది. బజారులో నేటికీ తెలుగు, మరాఠీ, ఉర్దూ మూడును వినవస్తాయి. మూడు భాషలలోను ఇంటికి వచ్చిన చుట్టానికి మొదట అందించేది చాయే. కాఫీ ఇక్కడికి ఎక్కువగా బదిలీలతో వచ్చినదని మా అభిప్రాయం. బ్యాంకుకో, బడికో, దవాఖానకో మార్పుమీద వచ్చిన కుటుంబం వెంట, సామానుల పెట్టెలో ఒక ఫిల్టరు వస్తుంది. 2008లో బాసరలో విశ్వవిద్యాలయం ఏర్పడిన తరువాత అట్టి కుటుంబాల సంఖ్య ఈ చుట్టుపట్ల కొంత పెరిగి ఉండవచ్చును.

ఇందులో మన ప్రశ్నకు సంబంధించిన ముఖ్యమైన సంగతి ఒకటి ఉన్నది. విజయవాడలోనో తెనాలిలోనో ఒక పూట ఫిల్టరు దిగకపోతే, పక్కింటి పిన్నిగారిని అడిగి ఒక గిన్నెడు డికాక్షను తెచ్చుకోవచ్చును. వీధి మలుపులో కాఫీ హోటలు ఉంటుంది. ఫిల్టరు పాడైతే సాయంత్రానికల్లా మరొకటి దొరుకుతుంది. భైంసాలో కాఫీ త్రాగే ఇండ్లు ఒకదానికొకటి దూరదూరంగా ఉన్నవి. ఎదురింట అడిగితే చాయ్ పత్తి దొరుకుతుంది గాని డికాక్షను దొరకదు. కాబట్టి అక్కడ "నమ్మకం" అనే మాటకు అర్థం కొంచెం మారుతుంది. ఎన్నడూ చెడిపోని వస్తువు లోకంలో లేదు. చెడినప్పుడు ఎందుకు చెడినదో ఇంటివారి కంటికే కనబడవలెను, ఇంట్లోనే బాగుపడవలెను. ఈ కొలతతోనే మేము యంత్రాన్నీ ఫిల్టరునూ పక్కపక్కన పెట్టి చూడదలచినాము.

మూలసూత్రం రెండింటికీ ఒక్కటే. వేడినీరు కాఫీపొడి గుండా తనంత తాను కిందికి దిగుతూ పొడిలోని సారాన్ని వెంట తెస్తుంది. 1800 ప్రాంతంలో ఫ్రాన్సులో రెండంతస్తుల కాఫీ పాత్ర ఒకటి వాడుకలోకి వచ్చినది. పారిసు ఆర్చిబిషప్పు డి బెల్వా పేరు దానితో ముడిపడి ఉన్నది. మన ఇత్తడి ఫిల్టరు ఆ పాత్రకు దగ్గరి చుట్టం. 1908లో జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో మెలిట్టా బెంట్స్ అనే గృహిణి, కాఫీలో మడ్డి దిగుతున్నదని విసిగి, ఇత్తడి పాత్ర అడుగున మేకుతో చిల్లులు పొడిచి, కొడుకు నోటుపుస్తకంలోని అద్దుడు కాగితం పరచి వడకట్టినది. నేటి కాగితపు ఫిల్టర్లన్నిటికి అది మొదలు. ఆ పద్ధతికి కరెంటు తగిలించిన విగోమాట్ యంత్రం 1954లో, అదే జర్మనీలో వచ్చినది. 1972లో అమెరికాలో మిస్టర్ కాఫీ అనే యంత్రం బజారుకెక్కిన తరువాత అక్కడి ఇండ్లలో ఇది సర్వసాధారణమైపోయినది.

మొదట యంత్రం సంగతి చూద్దాము. దాని లోపల పెద్ద మర్మమేమీ లేదు. వెనుక నీళ్ళతొట్టి, అడుగున వంచిన సన్నని లోహపు గొట్టం, ఆ గొట్టాన్ని అంటి వేడిచేసే తీగ ఉంటాయి. చాల యంత్రాలలో నీటిని పైకి తోడే పంపు కూడ ఉండదు. గొట్టంలో నీరు మరిగి, బుడగలు లేచి, ఆ బుడగలే నీటిని ముద్దముద్దలుగా పైకి నెడతాయి. పైన పొడిబుట్టలో పడిన నీరు కిందనున్న గాజుకూజాలోనికి దిగుతుంది. కూజా కింది పళ్ళెం వేడిగా ఉండి కాఫీని చల్లారనీయదు. మీట నొక్కి స్నానానికి పోతే వచ్చేసరికి కాఫీ సిద్ధంగా ఉంటుంది. చేతులు వణికే వృద్ధులు మరుగుతున్న నీళ్ళు వంచుకోనక్కరలేదు. ఈ సౌకర్యాన్ని తేలికచేసి మాట్లాడడం న్యాయం కాదు.

అయితే భైంసాలో దానికి మూడు చిక్కులు ఎదురవుతాయి. మొదటిది నీరు. నల్లరేగడి ప్రాంతంలోని బోరునీళ్ళు చాలచోట్ల కఠినజలాలు. నీళ్ళు కాచే గిన్నెకు నెల తిరగకముందే తెల్లని పెచ్చు కట్టడం గృహిణులందరు ఎరిగినదే. అదే పెచ్చు యంత్రం గొట్టంలోనూ కడుతుంది. గిన్నెలోని పెచ్చు కనబడుతుంది. గొట్టంలోనిది కనబడదు. మొదట కాఫీ దిగడానికి పట్టే సమయం పెరుగుతుంది, తరువాత ఆవిరి చప్పుడు హెచ్చుతుంది, చివరికి ఒకనాడు నీళ్ళు పైకి ఎక్కడమే మానివేస్తాయి. నివారణ లేకపోలేదు. కిరాణా దుకాణంలో దొరికే నిమ్మ ఉప్పు ఒక పెద్ద చెంచాడు అరలీటరు నీటిలో కలిపి, పొడి వేయకుండ యంత్రంలో సగం దాకా నడిపి, అరగంట ఆపి, మిగిలినది నడిపి, అటుపిమ్మట రెండుమార్లు మంచినీళ్ళతో కడగవలెను. కఠినజలాలున్న ఇంట్లో ఇది నెలకొకసారి చేయవలసిన పని. చేయగలవారే యంత్రం కొనవలెను.

రెండవది, బయటి దేశాల నుండి వచ్చే బహుమానాల చిక్కు. నిర్మల్, జగిత్యాల, కరీంనగర్ ప్రాంతాలవారు గల్ఫు దేశాలలో ఎందరో ఉన్నారు. అమెరికాలో చదువులకు, ఉద్యోగాలకు వెళ్ళినవారూ ఉన్నారు. సెలవులకు వస్తూ అమ్మకు కాఫీ యంత్రం తేవడం ప్రేమతో చేసే పనే. కాని అమెరికాలో ఇండ్లకు వచ్చే కరెంటు 120 వోల్టులు, మనది 230 వోల్టులు. అక్కడి యంత్రాన్ని ఇక్కడి ప్లగ్గులో నేరుగా పెడితే, వేడితీగ మీద దాదాపు మూడున్నర రెట్లకు పైగా శక్తి పడుతుంది. 900 వాట్ల యంత్రం మూడువేల వాట్లకు మించి లాగబోయి కాలిపోతుంది. ఇల్లు అంటుకోకపోతే అదృష్టం. ప్లగ్గు ఆకారం మార్చే చిన్న బిళ్ళ వోల్టేజీని మార్చదు. ఈ సంగతి తెలియక నష్టపడినవారు ఉన్నారు. వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు కొనవచ్చును గాని, అది యంత్రం వాట్లకు తక్కువ కాని శక్తిగలది కావలెను. దాని బరువూ ధరా చూసినప్పుడు కాఫీ మీది మోజు సగం తగ్గుతుంది. దుబాయి నుండి తెచ్చినదానికి సాధారణంగా ప్లగ్గు మారిస్తే సరిపోతుంది. సౌదీ అరేబియాలో 127 వోల్టుల సరఫరా కూడ చాలకాలం వాడుకలో ఉండేది కాబట్టి, ఎక్కడి నుండి వచ్చినదైనా యంత్రం అడుగున అతికిన చీటీ చదివిన తరువాతనే మీట వేయవలెను.

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. దుకాణదారులు దీనిని చెప్పరు. ఆ యంత్రం పాలు కలపని కాఫీ కోసం పుట్టినది. దాని లెక్క ప్రకారం లీటరు నీటికి 55 నుండి 60 గ్రాముల పొడి. మన ఇండ్లలో 120 మిల్లీలీటర్ల నీటికి 20 గ్రాముల పొడి వేస్తాము. అదే నీటికి యంత్రం లెక్కన పడేది ఏడు గ్రాములే. అనగా మన డికాక్షనులో పొడి దాదాపు మూడింతలు. యంత్రంలో దిగిన కాఫీలో సగానికి సగం పాలు పోస్తే కాఫీ రంగు గల పాలు మిగులుతాయి. పొడి మూడింతలు వేద్దామంటే, మన మెత్తని పొడి ఆ బుట్టలో నీళ్ళను పట్టివేసి, పైనుండి పొర్లి బల్లమీద కారుతుంది. పాలులేని కాఫీకి అలవాటుపడి తిరిగివచ్చినవారున్న ఇంటికి యంత్రం చక్కగా పనికివస్తుంది. పాల కాఫీ ఇంటికి పనికిరాదు. ఒకవేళ కొంటే, వేడిపళ్ళెం ఉన్నదానికంటె ఫ్లాస్కువంటి స్టీలు కూజా ఉన్నది మేలు. పళ్ళెం మీద గంటసేపు కూర్చున్న కాఫీ ఉడికి చేదెక్కుతుంది. బాగుచేసే కేంద్రం ఎక్కడ ఉన్నదో, నిర్మల్‌లోనా, నిజామాబాదులోనా, నాందేడులోనా, డబ్బు చెల్లించకముందే అడిగి తెలుసుకోవలెను. "హైదరాబాదుకు పంపుతాము" అన్న జవాబు వస్తే మరికొంత ఆలోచించవలెను.

ఇక ఫిల్టరు. ఇందులో భాగాలు నాలుగే. అడుగున చిల్లులున్న పైగిన్నె, డికాక్షను దిగే కిందిగిన్నె, పొడిమీద పెట్టే కాడగల చిల్లుల బిళ్ళ, మూత. తీగ లేదు, గొట్టం లేదు, మీట లేదు. అందుచేతనే కాబోలు, దీనిని కొనేటప్పుడు ఎవరూ పెద్దగా పరీక్షించరు. మెరుపు చూసి, ధర అడిగి, సంచిలో వేసుకొని వస్తారు. ఫిల్టరు దిగడం లేదన్న ఫిర్యాదులలో చాలవాటికి మూలం ఆ క్షణంలోనే ఉన్నదని మేము అనుకొంటాము.

మొదట పరిమాణం. "చుట్టాలు వస్తే పనికివస్తుంది" అని పెద్దది కొనడం మనవారి అలవాటు. ఫిల్టరు విషయంలో ఇది పొరపాటు. పెద్ద గిన్నెలో కొద్ది పొడి వేస్తే అది పలుచని పొరగా పరచుకొంటుంది. నీళ్ళు ఆ పొరను రెండు నిమిషాలలో దాటిపోతాయి, సారం పొడిలోనే ఉండిపోతుంది. పొడి మందంగా, పైగిన్నెలో మూడవ వంతుకు తగ్గకుండ ఉంటేనే నీరు నిలిచి నిలిచి దిగుతుంది. సగానికి మించితే ఉబ్బిన పొడి నీటికి చోటివ్వదు. 20 గ్రాముల పొడి అంటే గుండుగా తీసిన మూడు పెద్ద చెంచాలు. దానిమీద 120 మిల్లీలీటర్ల నీరు పోస్తే, పొడి తన బరువుకు రెండింతల నీటిని తానే త్రాగివేస్తుంది. కిందికి దిగేది 80 మిల్లీలీటర్లు. ముగ్గురికి ఒక పూటకు చిక్కని కాఫీ. ఇద్దరు ముగ్గురున్న ఇంటికి ఇంత పట్టే చిన్న ఫిల్టరే సరియైనది. చుట్టాల కోసం మరొక పెద్దది విడిగా ఉండవచ్చును. ఒక పెద్ద ఫిల్టరు ధరకు సాధారణంగా చిన్నవి రెండు రాకపోయినా, నిత్యం వృథా అయ్యే పొడిని లెక్కవేస్తే రెండు కొనడమే పొదుపు.

రెండవది చిల్లులు. పైగిన్నెను వెలుతురుకెత్తి చూడవలెను. చిల్లులు సమానంగా, సన్నగా, అంచులు నునుపుగా ఉండవలెను. ఒకవైపు ఒత్తుగా ఒకవైపు పలుచగా ఉంటే నీళ్ళు ఒక పక్కనే దారిచేసుకొని పోతాయి. మిగిలిన పక్క పొడి పొడిగానే మిగులుతుంది. లోపల వేలితో తడిమితే గరుకు తగలరాదు. గరుకున్నచోట పొడి చిక్కుకొంటుంది, రోజులు గడిచేకొద్ది చిల్లు మూసుకొనిపోతుంది.

మూడవది రెండు గిన్నెల పొందిక. ఇది చాలమందికి తోచని సంగతి. పైగిన్నె కిందిగిన్నెలో మరీ బిగువుగా కూర్చుంటే, కిందిగిన్నెలోని గాలికి బయటపడే దారి ఉండదు. డికాక్షను నాలుగు చుక్కలు దిగి ఆగిపోతుంది. పొడి నొక్కుడు ఎక్కువైనదని, పొడి మెత్తగా ఉన్నదని కారణాలు వెదుకుతారు. అసలు అడ్డగించినది గాలి. ఇట్టి ఫిల్టరు ఇంట్లో ఇప్పటికే ఉంటే పారవేయనక్కరలేదు. పైగిన్నెను కొంచెం పైకెత్తి వదలితే గాలి పోయి మళ్ళీ దిగుతుంది. కొత్తది కొనేటప్పుడు మాత్రం, పైగిన్నె కదిలించితే కొంచెం తిరగవలెను, వదులుగా ఒరిగిపోకూడదు.

ఈ పరీక్షలన్నిటికి మించినది దుకాణంలో నీళ్ళు పోసి చూడడం. భైంసాలో గిన్నెల దుకాణానికి మాతో వచ్చిన ఒక ఇల్లాలు ఈ పని చాల నేర్పుగా చేసినది. "సేటూ, జర ఇండ్ల నీళ్ళు పోసి సూపియ్యి" అని ఆమె అడిగితే, దుకాణదారు, "కొత్త గిన్నె అక్కా, నీళ్ళు పోస్తే మరక పడతది" అన్నాడు. "మరకైతే తుడిస్తే పోతది. ఇంటికి పోయినంక దిగకుంటే ఏం జెయ్యాలె?" అన్నది ఆమె. అతడు నవ్వి చెంబు అందించినాడు. మూడు ఫిల్టర్లలో నీళ్ళు పోసి చూస్తే, రెండింటిలో అడుగంతా సమానంగా చినుకులు పడినవి. అన్నిటికంటె మెరిసే మూడవదానిలో ఒకే పక్క ధార కట్టినది. పొడి లేనప్పుడు నీళ్ళు త్వరగానే పోతాయి. చూడవలసినది వేగం కాదు, చినుకు అడుగంతటా పడుతున్నదా అన్నది.

నాలుగవది లోహం. స్టీలులో 304 అనే రకంలో దాదాపు 18 పాళ్ళు క్రోమియం, 8 పాళ్ళు నికెలు ఉంటాయి. వంటపాత్రలకు ఇది శ్రేష్ఠం. 202 అనే చౌకరకంలో నికెలు కొంత తగ్గించి మాంగనీసు చేర్చుతారు. ఉప్పుకు, పులుపుకు అది తొందరగా మచ్చపడవచ్చును. అయస్కాంతం అంటితే నాసి స్టీలు, అంటకపోతే మేలు స్టీలు అని బజారులో ఒక నమ్మకం ఉన్నది. అది సగమే నిజం. 202 రకానికీ అయస్కాంతం సాధారణంగా అంటదు. కాబట్టి రకం సంఖ్య చెక్కి ఉన్నదా అని చూసి, బిల్లు మీద వ్రాయించుకొనడం మంచిది. స్టీలు, అల్యూమినియం పాత్రలకు ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి చేస్తూ 2024 మార్చిలో కేంద్రప్రభుత్వం ఉత్తర్వు వెలువరించినది. ముద్ర ఉన్నదా అని అడిగే హక్కు మనకు ఉన్నది. బిళ్ళకు కాడ అతికినచోట గట్టిగా ఉన్నదా, దాని తలమీద ప్లాస్టిక్ బుడిపె ఉన్నదా అని కూడ చూడండి. ప్లాస్టిక్ బుడిపె మరిగే నీటి వేడికి పాడుకావచ్చును.

ఇత్తడి ఫిల్టరును గూర్చి అడిగినవారికి మా జవాబు: మంచి వస్తువే, అయితే లోపల కళాయి చెక్కుచెదరకుండ ఉండవలెను. కాఫీలో కొంచెం ఆమ్లగుణం ఉన్నది. కళాయి పోయిన ఇత్తడిలో డికాక్షను రాత్రంతా నిలిస్తే చిలుము రుచి వస్తుంది, ఆరోగ్యానికీ మంచిది కాదు. ఇత్తడి మందంగా ఉంటుంది కాబట్టి వేడి ఎక్కువసేపు నిలుపుతుందని కొనియాడేవారున్నారు. నిజమే, కాని మందమైన చల్లని ఇత్తడి మొదటి నీళ్ళ వేడిని తానే త్రాగివేస్తుంది కూడ. ముందుగా వేడినీళ్ళతో తొలిచితే ఆ దోషం తీరుతుంది. కళాయి పోసేవారు ఊరికి ఎప్పుడు వస్తారో తెలియని ఇంట్లో స్టీలుదే పైచేయి.

పొడిని గూర్చి క్లుప్తంగా చెప్పుతాము. మన దేశపు ఆహార నిబంధనల ప్రకారం చికోరీ కలిపిన పొడిలో కాఫీ 51 శాతానికి తగ్గరాదు, ఎంత కలిపినదీ పొట్లం మీద వ్రాయవలెను. 80 పాళ్ళు కాఫీ, 20 పాళ్ళు చికోరీ అన్నది పాల కాఫీకి సరిపోయే పాలు. చికోరీ నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి డికాక్షను నెమ్మదిగా దిగి చిక్కగా, నల్లగా కనబడుతుంది. నలుపంతా కాఫీ బలమని భ్రమపడరాదు, చికోరీలో కెఫీను లేదు. మన తెలుగునాట అరకు లోయలో గిరిజన రైతులు పండించే అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. దాని వాసన సున్నితం. మొదట చికోరీ లేకుండ త్రాగి చూసి, తరువాత కావలసినంత కలుపుకోవచ్చును. ఏ పొడి అయినా కొద్దికొద్దిగా తెచ్చుకోవలెను. విసిరిన పొడి రెండు వారాలలో వాసన కోల్పోతుంది. నిజామాబాదు పోయినప్పుడు కిలోపొడి తెచ్చి డబ్బాలో పోసి మూడునెలలు వాడితే, ఎంత మంచి ఫిల్టరైనా ఏమి చేయగలదు? నీళ్ళలో కరిగే ఇన్‌స్టంటు పొడిని ఫిల్టరులో వేసి, అంతా కిందికి పోయినదని దుకాణదారుతో తగవుపడిన ఇల్లు కూడ మాకు తెలుసు. ఆ పొడికి ఫిల్టరుతో పని లేదు.

ఫిల్టరు వేసే విధానం చాలమందికి తెలిసినదే. పొడి వేసి, గిన్నెను ఒకసారి తట్టి చదునుచేసి, బిళ్ళతో మెల్లగా అణచవలెను, అదిమి నొక్కరాదు. నీళ్ళు బాగా మరిగిన తరువాత దింపి, పొంగు అణగేదాకా ఆగి పోయవలెను. 92 నుండి 96 డిగ్రీల వేడి కాఫీకి అనువైనదని నిపుణుల మతం, మనకు ఆ ఆగడమే థర్మామీటరు. మొదట పొడి తడిసేటంత పోసి, అరనిమిషం ఉండి, మిగిలినది పోస్తే పొడి సమానంగా నానుతుంది. బోరునీళ్ళు వాడే ఇండ్లలో నీటిని ముందుగా ఒకసారి మరగకాచి చల్లార్చి, అడుగున తెల్లని మడ్డి తేరిన తరువాత పైనీటిని తీసుకోవలెను. కఠినజలంలో కాఫీ పులుపూ పరిమళమూ అణగిపోయి చప్పగా ఉంటుంది. ఇంటికి శుద్ధిచేసిన నదీజలం వస్తే ఈ శ్రమ చాలవరకు తప్పుతుంది. దిగడానికి పది నుండి ఇరవై నిమిషాలు పట్టడం మంచి గుర్తు. మూడు నిమిషాలకే దిగితే పొడి బరకగానో కొద్దిగానో ఉన్నది. గంటైనా దిగకపోతే పొడి మరీ మెత్తన, లేదా చిల్లులు మూసుకొన్నవి, లేదా ఇందాక చెప్పిన గాలి.

చూడండి, కారణాలు ఈ మూడే. మూడూ కంటికి కనబడేవే. రాత్రి పడుకొనేముందు ఫిల్టరు వేసి ఉంచే ఇండ్లలో తెల్లవారి లేచేసరికి డికాక్షను సిద్ధంగా ఉంటుంది. యంత్రానికి ఉన్న పెద్ద సౌకర్యం ఈ విధంగా కరెంటు లేకుండనే లభిస్తుంది. గాలివానకు కరెంటు పోయిన తెల్లవారు కూడ కాఫీ ఆగదు. ఆ డికాక్షనును మళ్ళీ పొయ్యిమీద మరిగించరాదు. గిన్నెను వేడినీళ్ళలో నిలిపి వెచ్చచేసి, బాగా కాగిన పాలు కలపవలెను.

చిల్లులను గూర్చి ఒక మాట మిగిలి ఉన్నది. కాఫీలో నూనె ఉన్నది. రోజూ కడిగినా అది చిల్లుల అంచున జిడ్డుగా పేరుకొంటుంది. సబ్బునురుగుతో ఆ జిడ్డు పూర్తిగా పోదు. స్టీలు ఫిల్టరైతే పదిహేను రోజులకొకసారి, పైగిన్నె అడుగును పట్టకారుతో పట్టుకొని సన్నని మంటమీద అరనిమిషం చూపవలెను. జిడ్డు, పొడి కాలి బూడిదవుతాయి. చల్లారిన తరువాత పాత పళ్ళబ్రష్షుతో రుద్ది, వెలుతురుకెత్తి చూస్తే చిల్లులన్నీ చుక్కల్లాగ కనబడతాయి. కళాయి పోసిన ఇత్తడి ఫిల్టరుకు మాత్రం ఈ వైద్యం చేయకండి. కళాయి అంటే తగరం, అది 232 డిగ్రీలకే కరుగుతుంది, మంట దానికి ఎంతో మించిన వేడి. ఇత్తడిదానిని చింతపండు నీళ్ళు కాక, నిమ్మ ఉప్పు కాక, వేడినీళ్ళలో కొంచెం వంటసోడా వేసి గంటసేపు నానబెట్టి, మెత్తని బ్రష్షుతో తోమి, గుడ్డతో తుడిచి, మూత పెట్టకుండ ఆరవేయండి.